థీమ్ అంటే బొమ్మ కాదండీ: గిల్డ్ క్విల్ట్ ఛాలెంజ్‌ల మీద అపోహలు, వాస్తవాలు

మాది క్విల్టులు, అంటే గుడ్డ ముక్కలు అతికి లోపల దూది పొర పెట్టి కుట్టే బొంతలు, చేసేవాళ్ల గిల్డ్ (సంఘం). అక్కడ కొత్త ఛాలెంజ్ థీమ్, అంటే ఈసారి అందరూ కుట్టాల్సిన అంశం, చదివి వినిపిస్తే, నేను కాగితం మడిచేలోపే ఎవరో ఒకరు అంటారు: “ఈసారికి నన్ను వదిలేయండి, నాకు బొమ్మలు వేయడం రాదు.” థీమ్ ‘నీళ్లు’ అయినా ఇదే మాట, ‘ఇల్లు’ అయినా ఇదే మాట. ఛాలెంజ్‌ల పని చూసేది నేనే కాబట్టి ఒక్కొక్కరికీ విడిగా చెప్పుకుంటూ వస్తున్నాను. ఈలోగా వాట్సాప్‌లో ఇంకో నాలుగు పుకార్లు పుడుతున్నాయి. అందుకే అన్నీ ఒకేచోట రాసి పెడుతున్నా.

అపోహ: థీమ్ ఇస్తే దాని బొమ్మ కుట్టాలి

అక్కర్లేదు. ఎక్కువమందిని దెబ్బతీసే అపోహ ఇదే, కాబట్టి కాస్త తీరిగ్గా చెబుతాను.

ముక్కలు అతకడంలో మంచి చెయ్యి ఉన్నవాళ్లు, ఒక్క మొన కూడా తెగకుండా నక్షత్రాలు కలిపేవాళ్లు, థీమ్ వినగానే తమకు వచ్చిన పని పక్కన పెట్టేస్తారు. నీళ్లంటే చేప ఉండాలి, పడవ ఉండాలి అనుకుని ఎన్నడూ చేయని అప్లిక్ (ఆకారాలు కత్తిరించి గుడ్డ మీద అతికే పని) మొదలుపెడతారు. ఇస్త్రీ వేడికి అతుక్కునే ఫ్యూజిబుల్ వెబ్ పొర మీద పొర అంటించేసరికి గుడ్డ అట్టలా బిగుసుకుపోతుంది, అంచుల్లో పీచు లేస్తుంది, చేప చేపలా కనబడదు. గడువు దాటిపోతుంది. సగంలో ఆగిపోయిన పనులన్నీ ఉన్న అలమరలోకి అదీ చేరుతుంది. తర్వాతి ఛాలెంజ్‌కి వాళ్లు పేరే ఇవ్వరు. చేతకాక కాదు, వాళ్లకు చేతనైన పని ఇక్కడ పనికిరాదని ఎవరో చెప్పారు కాబట్టి.

రూల్స్ కాగితం తీసి చదవండి. థీమ్ కనబడాలి అని ఉంటుంది. ఎలా కనబడాలన్నది చాలాసార్లు మీకే వదిలేస్తారు. అది బ్లాక్‌లో (ముక్కలు అతికి చేసే ఒక్కో నమూనాలో) కనబడొచ్చు, రంగుల్లో కనబడొచ్చు, పొరలన్నీ కలిపి కుట్టే క్విల్టింగ్ గీతల్లో కనబడొచ్చు.

‘స్టార్మ్ ఎట్ సీ’ బ్లాక్‌నే చూడండి. చదరంలో చదరం, పొడవాటి ముక్కలో డైమండ్, అంతే. వంపు కుట్టు ఒక్కటీ ఉండదు. లేత, ముదురు రంగులు సరిగ్గా పడ్డాయా, దూరం నుంచి చూసేవాళ్లకు అలలు వంపు తిరుగుతూ కనిపిస్తాయి. ‘ఇల్లు’ అన్నారనుకోండి, మధ్య చదరం చుట్టూ పట్టీలు అతికే లాగ్ క్యాబిన్ బ్లాక్ ఉండనే ఉంది. మధ్య చదరాన్ని ఎర్రగా పెట్టి అది ఇంట్లో వెలిగే పొయ్యి అని చెప్పుకోవడం పాత అలవాటే. ‘ప్రయాణం’ అంటే ఫ్లయింగ్ గీస్: త్రికోణాలను ఎటు తిప్పితే చూసేవాళ్ల కళ్లు అటే వెళ్తాయి. ‘కిటికీ’ అంటే అటిక్ విండోస్: పక్క పట్టీ లేతగా, కింది పట్టీ ముదురుగా పెట్టి, రెండూ కలిసే మూలలో ఏటవాలు కుట్టు వేస్తే కిటికీకి లోతు వచ్చేస్తుంది. వీటిలో ఒకటో రెండో మీరిదివరకే కుట్టి ఉంటారు.

కాకపోతే వీటన్నిటికీ రంగు కన్నా లేత-ముదురు తేడా ముఖ్యం. ముక్కలు గోడ మీద అమర్చి ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫోటో తీయండి. రెండు ముక్కలు ఒకే బూడిద రంగులో కలిసిపోతే, విడిగా చూసినప్పుడు అవి ఎంత వేరుగా ఉన్నా క్విల్ట్‌లో కలిసిపోతాయి.

‘వాన’ థీమ్ పెట్టినప్పుడు మా సభ్యురాలు ఒకావిడ, అందరికన్నా ఎక్కువ భయపడినావిడ, ఉత్త బూడిద రంగు పట్టీలు అతికి తెచ్చారు. చుక్క లేదు, గొడుగు లేదు. మెషిన్‌కి వాకింగ్ ఫుట్ (పొరలన్నీ కలిసి జరిగేలా చేసే పాదం) పెట్టి పైనుంచి కిందికి దగ్గర దగ్గరగా గీతలు కుట్టారు, అక్కడక్కడా దారం రంగు మార్చారు. కింది అంచు దగ్గరికి వచ్చేసరికి గీతలన్నీ గాలికి వాలినట్టు ఒకే పక్కకి ఒరిగాయి. ఆ గోడ దగ్గర ఆగనివాళ్లు లేరు. ఆవిడ మాత్రం “ఉత్త గీతలేగా” అంటూనే ఉన్నారు.

ఏం చేయాలో తోచకపోతే థీమ్ కింద గుర్తొచ్చిన మాటలన్నీ రాసుకుంటూ పోండి. మొదట వచ్చేవి అందరికీ వచ్చేవే. నీళ్లంటే సముద్రం, చేప, పడవ. ఇంకాస్త కూర్చుంటే దాహం, ఎండమావి, పగుళ్లిచ్చిన చెరువు వస్తాయి. పగుళ్లకు క్రేజీ పీసింగ్ (ముక్కలు అడ్డదిడ్డంగా అతకడం) కన్నా సరిపోయేది ఏముంది? చెరువులో చుక్క నీరు లేకపోయినా ఆ క్విల్ట్ నీళ్ల గురించే.

అపోహ: థీమ్‌ను గట్టిగా పట్టుకుంటే బహుమతి ఖాయం

ఇది దానికి పూర్తిగా ఎదురు అపోహ. 1933లో చికాగో ప్రపంచ ప్రదర్శన జరిగినప్పుడు సియర్స్ కంపెనీ పెట్టిన క్విల్ట్ పోటీకి 24 వేలకు పైగా క్విల్టులు వచ్చాయి. ఆ ప్రదర్శన థీమ్ ‘శతాబ్ది ప్రగతి’. చాలామంది ఆ థీమ్ పట్టుకుని కొత్త కొత్త డిజైన్లు కుట్టి పంపారు. మొదటి బహుమతి మాత్రం సంప్రదాయ నక్షత్రాల క్విల్ట్‌కి వెళ్లింది. పనితనం అంత గొప్పగా ఉంది మరి. ఇంకో సంగతి, దాన్ని తన పేరు మీద పంపినావిడ అందులో ఒక్క కుట్టు కూడా వేయలేదని తర్వాత బయటపడింది. ఎంట్రీ ఫారంలో ‘ముక్కలు అతికిందెవరు, క్విల్టింగ్ చేసిందెవరు’ అని విడిగా అడిగితే కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకోకండి, నిజం రాయండి చాలు.

అపోహ: కొలత కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదు

చుట్టుకొలత 100 అంగుళాలు మించకూడదని ఉంటే అది నాలుగు వైపులూ కలిపిన లెక్క. 25కి 25 సరిపోతుంది, 20కి 30 కూడా సరిపోతుంది. దాన్ని ఒక్కో వైపు కొలత అనుకుని మంచమంత క్విల్ట్ మోసుకొచ్చినవాళ్లను వెనక్కి పంపడం నాకూ బాధే. దానికి తోడు, దగ్గర దగ్గరగా క్విల్టింగ్ చేస్తే క్విల్ట్ లోపలికి లాక్కుంటుంది. పై పొర కాస్త పెద్దదిగానే ఉంచి, క్విల్టింగ్ అయ్యాక మూలమట్టానికి కత్తిరించి, అప్పుడు బైండింగ్ (అంచు పట్టీ) వేయండి. కాటన్ బ్యాటింగ్ (లోపలి దూది పొర) ఉతికితే సుమారు 3 నుంచి 5 శాతం ముడుచుకుంటుంది. ఉతికే ఆలోచన ఉంటే ఆఖరి కొలత ఉతికాకే తీయండి.

మిగతావి గబగబా

అందరూ వాడాలని ఇచ్చే ఛాలెంజ్ గుడ్డ నచ్చలేదని వెనక బ్యాకింగ్‌లో దాచేస్తే సరిపోదు. ముందు వైపు గుర్తుపట్టేలా కనబడాలనే రూల్ దాదాపు ఎప్పుడూ ఉంటుంది. సన్నగా కత్తిరించి వాడండి, తిరగేసి వాడండి. రంగు అద్దొచ్చా అన్నది మాత్రం ముందే అడగండి.

మెషిన్ మీద చేసింది తక్కువ అనే మాట ఇంకా వినబడుతోందంటే ఆశ్చర్యంగా ఉంది. 1989లోనే అమెరికాలోని పడూకా ఊళ్లో అమెరికన్ క్విల్టర్స్ సొసైటీ ప్రదర్శనలో మెషిన్ క్విల్టింగ్ చేసిన క్విల్ట్ అత్యుత్తమ బహుమతి గెలిచింది. కెరిల్ బ్రయర్ ఫాలర్ట్ సూర్యగ్రహణం మీద చేసిన క్విల్ట్ అది.

వినయం కోసం కావాలనే ఒక బ్లాక్‌లో తప్పు పెట్టాలని ఎవరో ఫార్వర్డ్ చేశారు. పాతకాలపు క్విల్టర్లు నిజంగా అలా చేసేవారనడానికి గట్టి ఆధారం లేదు. కావాలని పెట్టనక్కర్లేదు కూడా, అవి వాటంతట అవే వస్తాయి.

నెట్‌లో దొరికిన ఫోటో ఎవరైనా వాడుకోవచ్చని అనుకోకండి. తీసినవాళ్ల అనుమతి తీసుకోండి, వాళ్ల పేరు రాయండి. ప్యాటర్న్ కొని కుట్టినా డిజైనర్ పేరు చెప్పండి.

జడ్జి అంటే టెన్షన్ పడేవాళ్లకు ఒక మాట. చాలా ఛాలెంజ్‌లలో జడ్జే ఉండరు, పేర్లు కప్పేసి సభ్యులే ఓటు వేస్తారు. జడ్జి ఉన్నా చూసేవి ఏమిటంటారా? థీమ్ సంగతి పోగా క్విల్ట్ చదునుగా వేలాడుతోందా, మూలలు సరిగా ఉన్నాయా, బైండింగ్ లోపల బ్యాటింగ్ నిండుగా ఉందా అన్నవి. ఇవి ఇంట్లోనే గోడకి తగిలించి మీరే చూసుకోవచ్చు. అప్పటికీ భయంగా ఉంటే పోటీకి కాకుండా ప్రదర్శనకు మాత్రమే పెడతామని అడగండి. మా దగ్గర ఎవరూ కాదనరు.

ఇక హ్యాంగింగ్ స్లీవ్, అంటే కర్ర దూర్చి వేలాడదీయడానికి క్విల్ట్ వెనక కుట్టే గుడ్డ గొట్టం. పిన్నులు గుచ్చి తగిలిస్తే చాలదు, పిన్నుల మధ్య గుడ్డ జారి అంచు అలలు అలలుగా అవుతుంది. రూల్స్‌లో వేరే కొలత లేకపోతే 4 అంగుళాల స్లీవ్ పెట్టండి, కుట్టు ముందు వైపుకి తేలకుండా చేత్తో కుట్టండి. ప్రదర్శనకి ముందురోజు రాత్రి నా దగ్గరికి తేకండి. తెస్తే కుట్టిపెడతాను గానీ, కుడుతున్నంతసేపూ గొణుగుతూనే ఉంటాను.