బడి నుంచి వచ్చే నోటీసులు: ఇంట్లో అపోహలు, క్లాసులో వాస్తవాలు

ప్రైమరీ క్లాసుల టీచర్‌ని. మేం పంపే నోటీసుల్లో సగం ఏటా అవే కాబట్టి చాలామంది చదవకుండానే సంతకం పెట్టేస్తారు. వాటి మీద నేను తరచూ వినే మాటలు కొన్ని, వాటికి నా జవాబులు.

అపోహ: పొద్దున సిరప్ వేశాం, జ్వరం దిగింది. ఇక పంపొచ్చు.

సిరప్ దించేది వేడిని, లోపలి ఇన్‌ఫెక్షన్‌ని కాదు. పారాసిటమాల్ పనిచేసేది నాలుగు నుంచి ఆరు గంటలు. ఎనిమిదింటికి వేస్తే భోజనాల వేళకి పిల్లాడు బెంచీ మీద తల వాల్చేస్తాడు. ఆపాటికే పక్కవాడి నీళ్ల సీసా ఎత్తి తాగేసి ఉంటాడు. మందు వేయకుండా 24 గంటల పాటు జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) లోపే ఉంటే అప్పుడు పంపండి. వాంతులు, విరేచనాలైతే పూర్తిగా తగ్గాక కనీసం ఒక రోజు ఆగండి. ఉత్త జలుబై, పిల్ల హుషారుగా ఉంటే మాత్రం పంపేయండి. ముక్కు కారిన ప్రతిసారీ ఆపేస్తే ఇక బడికి వచ్చేదెప్పుడు?

అపోహ: పేల నోటీసు వచ్చిందంటే క్లాసులో ఎవరో శుభ్రత లేనివాళ్లున్నారు.

రోజూ తలంటుకున్నా పేలు పడతాయి. అవి ఎగరవు, దూకవు, పాకుతాయంతే. ఒకే బొమ్మల పుస్తకం మీదికి నలుగురు తలలు ఆనించి వంగే వయసులో వాటికి అంతకన్నా ఏం కావాలి? తల నుంచి రాలిన పేను ఒకటి రెండు రోజుల్లో చస్తుంది, ఇల్లంతా మందు కొట్టక్కర్లేదు. ఈళ్లు పగలడానికి మాత్రం వారం పైనే పట్టొచ్చు. చాలా మందులు ఈళ్లన్నిటినీ చంపవు కాబట్టి డబ్బా మీద చెప్పిన గడువుకి రెండోసారి రాయాలి. చాలామంది మర్చిపోయేది ఇదే. అన్నట్టు, ‘ఎవరి పిల్లకండీ?’ అని ఫోన్ చేయకండి, చెప్పను.

అపోహ: చిన్న క్లాసులేగా, నెలకి రెండ్రోజులు మానితే ఏం పోతుంది?

పది నెలలకి ఇరవై రోజులు. పనిదినాలు రెండొందలనుకుంటే పదో వంతు. లెక్క కన్నా పెద్ద చిక్కు వేరే ఉంది. సోమవారం 52లోంచి 27 తీసేయడం చెబుతాం, పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకుని. మంగళవారం దాని మీదే మూడంకెల లెక్కలు. సోమవారం రాని పిల్లాడు 2లోంచి 7 పోదు కదా అని తిరగేసి, 7లోంచి 2 తీసి, జవాబు 35 అని రాస్తాడు. ధీమాగానే రాస్తాడు. వారం దాకా ఎవరూ పట్టుకోకపోతే అదే అలవాటైపోతుంది.

అపోహ: ఫోన్ చేసి చెబితే ఎవరితోనైనా పంపేస్తారు.

ఫోన్లో గొంతు ఎవరిదో మాకెలా తెలుస్తుంది? మీరు రాసిచ్చిన జాబితాలో పేరుండాలి, వచ్చినవాళ్ల దగ్గర గుర్తింపు కార్డు ఉండాలి. ‘మా మావయ్యే’ అని పిల్ల చెయ్యి పట్టుకున్నా సరే, ఆపుతాం. మీ నంబరు మారితే ఆ రోజే చెప్పండి.

అపోహ: సంచి మీద పేరు పెద్దగా రాయాలి.

పేరు రాయాలి, కానీ లోపలి వైపు. బయట రాస్తే దారినపోయేవాళ్లు కూడా పిల్లని పేరు పెట్టి పిలవగలరు. స్వెట్టర్లకి, డబ్బాలకి తప్పకుండా రాయండి. పేరున్నది ఆ పూటే చేతికొస్తుంది, లేనిది పెట్టెలో పడుంటుంది.

అపోహ: హోంవర్క్ తప్పుల్లేకుండా పంపాలి.

నాకు తప్పులే కావాలి! చదివి వినిపించమనండి, పక్కన కూర్చోండి, రబ్బరు మాత్రం మీ చేతిలోకి తీసుకోకండి. పిల్లాడు రాసిన ఆ 35ని మీరు చెరిపి 25 చేసి పంపితే, అప్పు తెచ్చుకోవడం వాడికి రాలేదని నాకు తెలిసే దారే లేదు.