పాత పామ్‌లో గేమ్‌బాయ్ ఎమ్యులేటర్: అపోహలు - వాస్తవాలు

అటక మీద పాత పామ్ ఒకటి దొరికింది అన్నా, దాంట్లో గేమ్‌బాయ్ ఎమ్యులేటర్ రాద్దామనుకుంటున్నా, ఎక్కడ మొదలుపెట్టాలి అని ఈమధ్య ఒక తమ్ముడు అడిగాడు. పామ్ అంటే జేబులో పట్టే పాత చిన్న కంప్యూటర్, గేమ్‌బాయ్ నింటెండో వాళ్ళ చేతి గేమ్ మెషిన్, దాని గేముల్ని వేరే యంత్రంలో ఆడించే ప్రోగ్రామే ఎమ్యులేటర్. చాలా సంతోషం వేసింది, ఎందుకంటే నేను ప్రోగ్రామింగ్ నిజంగా నేర్చుకుంది ఆ పనిలోనే. కానీ మాట్లాడుతుంటే అర్థమైంది, అప్పట్లో నేను నమ్మిన తప్పులే తనూ నమ్ముతున్నాడు. అందుకే ఇదంతా ఒకచోట రాస్తున్నా.

అపోహ: గేమ్‌బాయ్ 4 మెగాహెర్ట్జ్, పామ్ 16 మెగాహెర్ట్జ్. నాలుగు రెట్లు స్పీడ్ కదా, ఈజీగా అయిపోతుంది.

ఇదొక్కటి వదిలించుకుంటే సగం పని అయినట్టే. గేమ్‌బాయ్ క్లాక్ 4.19 మెగాహెర్ట్జ్, దాంట్లో అన్నిటికంటే చిన్న ఇన్‌స్ట్రక్షన్‌కి 4 క్లాకులు పడతాయి. అంతసేపట్లో పామ్‌లోని మోటరోలా డ్రాగన్‌బాల్ ప్రాసెసర్‌కి దొరికేవి దాదాపు 16 సైకిల్స్, అంతే. ఇప్పుడు కాగితం మీద లెక్కేసి చూడండి: డ్రాగన్‌బాల్ లోపల ఉన్నది 68000 కోర్, గేమ్ కోడ్ నుంచి ఒక బైటు చదవడానికి 8 సైకిల్స్, దాన్ని రెట్టింపు చేయడానికి 4, ఆ ఇన్‌స్ట్రక్షన్‌ని నడిపే మన కోడ్ ఎక్కడుందో చెప్పే ఆఫ్‌సెట్‌ని టేబుల్లోంచి తీసుకోడానికి 14, అక్కడికి జంప్ చేయడానికి ఇంకో 14. మొత్తం 40. ఇంకా అసలు పని మొదలే కాలేదు, ఏ ఇన్‌స్ట్రక్షనో కనుక్కోడానికే 40 అయిపోయాయి, మన దగ్గరున్నది 16. 8, 12 క్లాకులు తినే ఇన్‌స్ట్రక్షన్లు కూడా ఉంటాయి కాబట్టి అక్కడ కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు గానీ, లెక్క మాత్రం తేలదు.

మరి లిబర్టీ, ఫోయినిక్స్ (Phoinix) లాంటి గేమ్‌బాయ్ ఎమ్యులేటర్లు పామ్‌లో ఎలా ఆడాయి అంటారా? గేమ్‌బాయ్ గేములు చాలావరకు ప్రతి ఫ్రేమ్‌లో తమ పని ముగించుకుని, తర్వాతి స్క్రీన్ రిఫ్రెష్ వచ్చేదాకా ఖాళీగా కూర్చుంటాయి. కొన్ని ప్రాసెసర్‌ని ఆపి ఉంచే హాల్ట్ ఇన్‌స్ట్రక్షన్ వాడతాయి, కొన్ని మెమరీలో ఒక బైటు మారిందా లేదా అని చూస్తూ తిరుగుతుంటాయి. ఆ ఖాళీ టైమ్‌ని మనం ఎమ్యులేట్ చేయక్కర్లేదు, క్లాక్‌ని నేరుగా తర్వాతి ఇంటరప్ట్ (ప్రాసెసర్‌ని మళ్ళీ పనిలోకి పిలిచే సంకేతం) దగ్గరికి జరిపేస్తే చాలు. మనకి స్పీడ్ దొరికేది అక్కడే. గేమ్ ఎంత పని చేస్తోంది అనేది ముఖ్యం, మెగాహెర్ట్జ్ కాదు.

అపోహ: గేమ్‌బాయ్‌లో ఉన్నది జెడ్80 ప్రాసెసర్, కాబట్టి దొరికిన జెడ్80 కోర్ (దాన్ని అనుకరించే కోడ్) తెచ్చి పెట్టేస్తే సరి.

కాదు. అది షార్ప్ వాళ్ళ చిప్, ఇంటెల్ 8080కీ జెడ్80కీ మధ్యలో ఉంటుంది. ఐఎక్స్, ఐవై రిజిస్టర్లు లేవు, షాడో రిజిస్టర్లు లేవు. పోనీ లేనివాటిని వదిలేద్దామా అంటే, ఆ ఆప్‌కోడ్లకి (ఇన్‌స్ట్రక్షన్ల నంబర్లకి) వేరే పనులు అప్పగించారు. జెడ్80లో హెక్స్ 08 అంటే షాడో రిజిస్టర్లతో మార్పిడి, ఇక్కడ స్టాక్ పాయింటర్‌ని మెమరీలో రాయడం. హెక్స్ డి9 అక్కడ ఇంకో రకం మార్పిడి, ఇక్కడ ఇంటరప్ట్ నుంచి వెనక్కి రావడం. ఫ్లాగుల బిట్లు కూడా వేరే చోట ఉంటాయి, కింది నాలుగు బిట్లు ఎప్పుడూ సున్నానే. కోర్ కొత్తగా రాసుకోండి, అతుకులు వేయడం కంటే అదే త్వరగా అవుతుంది.

అపోహ: హాఫ్ క్యారీ ఫ్లాగ్ (కూడికలో బైటు కింది సగం నుంచి పై సగానికి క్యారీ వెళ్ళిందని చెప్పే బిట్) ఎవరూ వాడరు, తీసేస్తే స్పీడ్ పెరుగుతుంది.

నేను తీసేశాను, స్పీడ్ నిజంగానే పెరిగింది. గేమ్ బాగా నడుస్తోందని మురిసిపోయి మా పిన్ని కొడుక్కి ఇచ్చా, వాడికప్పుడు పదేళ్ళు. అరగంట తర్వాత వచ్చి "అన్నయ్యా, దీనికి కూడికలు రావట్లేదు" అన్నాడు. ఏంట్రా అని చూస్తే స్కోరు 9 ఉన్నప్పుడు 8 పాయింట్లు కొడితే 17 రావాలి కదా, 11 చూపిస్తోంది! చాలా గేములు స్కోరుని దశాంశ అంకెల రూపంలోనే దాచుకుంటాయి, కూడాక డీఏఏ అనే ఇన్‌స్ట్రక్షన్‌తో సరిచేసుకుంటాయి. 9కి 1 కలిపితే హెక్స్‌లో 0ఏ వస్తుంది, 9 దాటిందని చూడగానే తెలుస్తుంది కాబట్టి డీఏఏ దాన్ని 10 చేసేస్తుంది, నేను టెస్ట్ చేసింది ఇలాంటివే. కానీ 9కి 8 కలిపితే హెక్స్‌లో 11, చూడ్డానికి అది మామూలు అంకెలాగే ఉంది, కింది సగం నుంచి క్యారీ దాటిందని చెప్పేది ఆ ఫ్లాగ్ ఒక్కటే, అది ఉంటే 6 కలిపి 17 చేస్తుంది.

దీనికి మంచి మార్గం ఉంది. ఆ ఫ్లాగ్‌ని ప్రతిసారీ లెక్కకట్టకుండా, చివరి కూడికలో వాడిన రెండు సంఖ్యల్ని దాచిపెట్టుకోండి, డీఏఏ వచ్చినప్పుడో, ఫ్లాగుల్ని స్టాక్ మీదికి నెట్టినప్పుడో మాత్రమే లెక్కకట్టండి. ఖర్చు చాలా తగ్గుతుంది, స్కోరూ కరెక్టుగా వస్తుంది.

అపోహ: పామ్ స్క్రీన్ 160×160, గేమ్‌బాయ్ 160×144, కాపీ చేస్తే చాలు.

సైజు మాత్రం ఎవరో కొలిచి చేసినట్టు సరిపోతుంది, కింద 16 లైన్లు కూడా మిగులుతాయి. కానీ గేమ్‌బాయ్ 8 పిక్సెళ్ళకి రెండు బైట్లు వాడుతుంది, ఒకదాంట్లో అన్నిటి కింది బిట్లు, రెండోదాంట్లో పై బిట్లు. పామ్ గ్రే స్క్రీన్‌లో ఒక్కో పిక్సెల్ రెండు బిట్లూ పక్కపక్కనే ఉండాలి. 256 ఎంట్రీల టేబుల్ ఒకటి ముందే తయారుచేసి పెట్టుకోండి, ప్రతి బైటునీ బిట్టుకీ బిట్టుకీ మధ్య ఖాళీ వదిలి 16 బిట్లుగా విడదీసేలా. రెండుసార్లు టేబుల్ చూసి, రెండోదాన్ని ఒక బిట్ జరిపి కలిపేస్తే 8 పిక్సెళ్ళు ఒకేసారి వచ్చేస్తాయి.

అపోహ: ఫ్రేమ్ స్కిప్ (కొన్ని ఫ్రేములు చూపించకుండా దాటేయడం) పెడితే ఆ ఫ్రేమ్ మొత్తం వదిలేయొచ్చు.

బొమ్మ గీయడం వదిలేయండి, టైమ్ మాత్రం వదలకండి. ఒక ఫ్రేమ్ అంటే 154 లైన్లు, లైనుకి 456 క్లాకులు, ఇప్పుడు ఎన్నో లైనులో ఉన్నామని గేములు అడుగుతూనే ఉంటాయి. ఆ నంబర్ కదలకపోతే గేమ్ 144వ లైను కోసం ఎదురుచూస్తూ అక్కడే ఉండిపోతుంది. ఫ్రేమ్ చివర్లో మొత్తం ఒకేసారి గీయడం కూడా తప్పే, ఎందుకంటే చాలా గేములు స్క్రీన్ మధ్యలో స్క్రోల్ విలువ మార్చి పైన స్కోరు పట్టీని కదలకుండా ఉంచుతాయి. ఒకేసారి గీస్తే ఆ పట్టీ కూడా బ్యాక్‌గ్రౌండ్‌తో పాటే జరిగిపోతుంది.

అపోహ: పామ్ మెమరీ అడ్డం వస్తుంది.

నిజానికి ఇక్కడ మన అదృష్టం బాగుంది. పామ్‌లో ఒక రికార్డు 64 కేబీ లోపే ఉండాలి, గేమ్‌బాయ్ రోమ్ (ROM) ఫైలు ఎలాగూ 16 కేబీ బ్యాంకులుగా విడిపోయే ఉంటుంది, రికార్డుకో బ్యాంకు పెట్టేయండి. స్టోరేజ్‌లో ఉన్నదాన్ని కాపీ చేయకుండా నేరుగా పాయింటర్‌తో చదవొచ్చు కాబట్టి బ్యాంకు మారడమంటే పాయింటర్ మార్చడమే, అంతకంటే ఏం లేదు. పాయింటర్‌తో నేరుగా రాయడానికి మాత్రం స్టోరేజ్ ఒప్పుకోదు. సేవ్ మెమరీని హీప్‌లో (ప్రోగ్రామ్ స్వేచ్ఛగా రాసుకోగల మెమరీలో) పెట్టుకుని, ఆట ఆపగానే మర్చిపోకుండా వెనక్కి రాసేయండి. ఇంకో మాట, 68000లో బేసి అడ్రస్ నుంచి 16 బిట్లు ఒకేసారి చదివితే ప్రోగ్రామ్ అక్కడికక్కడే పడిపోతుంది, రెండు బైట్లూ విడివిడిగా చదవండి.

అపోహ: పాకెట్ పీసీ అయితే ఈ తలనొప్పులు ఉండవు.

పాకెట్ పీసీ అంటే మైక్రోసాఫ్ట్ విండోస్‌తో నడిచిన చేతి కంప్యూటర్. స్పీడ్ సంగతి నిజమే. ఐప్యాక్ అనే పాకెట్ పీసీలో 206 మెగాహెర్ట్జ్ స్ట్రాంగ్‌ఆర్మ్ ప్రాసెసర్ ఉండేది, మన బెంగళూరులో తయారైన సింప్యూటర్ అనే చేతి కంప్యూటర్‌లోనూ అదే చిప్. 240×320 స్క్రీన్ మీద బొమ్మని ఒకటిన్నర రెట్లు చేస్తే 240×216, వెడల్పు సరిగ్గా నిండిపోతుంది. కానీ మొదటి పాకెట్ పీసీలు ఆర్మ్, ఎస్‌హెచ్3, మిప్స్ అనే మూడు రకాల ప్రాసెసర్ల మీదా వచ్చాయి, కాబట్టి అసెంబ్లీలో రాసిన కోర్ ఒకదాంట్లోనే నడుస్తుంది. కొన్ని మోడళ్ళలో రెండు బటన్లు కలిపి నొక్కితే ఒకటే తెలిసేది, పరిగెత్తుతూ దూకే గేమ్ అయితే ఇక ఆడలేం. మనం రాసిన కోడ్‌లో తప్పేం ఉండదు, అయినా చేసేదేం ఉండదు, అది బాధగానే ఉంటుంది.

అపోహ: నింటెండో బూట్ రోమ్ (ROM) లేకుండా మొదలవదు.

అది 256 బైట్ల ప్రోగ్రామ్, లోగో చూపించి, సరిచూసుకుని తప్పుకుంటుంది. వాళ్ళ కోడ్ మనం ముట్టుకోనక్కర్లేదు. అది రిజిస్టర్లలో వదిలి వెళ్ళే విలువలు (హెక్స్‌లో) మనమే పెట్టేస్తే చాలు: ఏఎఫ్‌లో 01బి0, బిసిలో 0013, డిఈలో 00డి8, హెచ్ఎల్‌లో 014డి, స్టాక్ పాయింటర్‌కి ఎఫ్ఎఫ్ఎఫ్ఈ. ప్రోగ్రామ్ కౌంటర్‌ని 0100 దగ్గర పెట్టి రన్ చేయండి.