వంద ఆవులు, ఒక ఆబోతు

చిరంజీవులు బుజ్జికి, చిన్నికి తాతయ్య ఆశీస్సులు.

"బ్రెజిల్లో మన ఒంగోలు పశువులు అన్నేసి ఉన్నాయిగా తాతయ్యా, ఇక ఆ జాతికి భయమేముంది?" అని బుజ్జి ఫోన్లో అడిగాడు. అక్కడ వాటిని నెలోర్ అంటారు, మన నెల్లూరు పేరే. భయం ఉందిరా.

ఊళ్ళో వంద ఇళ్ళున్నాయి. అందరూ మనింటి నుంచే తోడు పట్టుకెళ్ళి పాలు తోడేశారనుకోండి. కుండలు వందైనా పెరుగు ఒకటే. మన తోడు జిగురెక్కిందా, ఊరంతా జిగురు మజ్జిగే! అందుకే కుండలు లెక్కపెడితే చాలదు, తోడు ఎన్నిళ్ళదో చూడాలి. మందకి ఆబోతే తోడు.

1931లో సీవాల్ రైట్ అనే అమెరికా శాస్త్రవేత్త దీనికి లెక్క కట్టాడు. ఆబోతుల్ని ఆవులతో హెచ్చవేసి, నాలుగింతలు చేసి, మొత్తం పశువులతో భాగించండి. 50 ఆబోతులు, 50 ఆవులైతే 100 వస్తుంది. ఒక ఆబోతు, 99 ఆవులైతే? నాలుగు కూడా నిండదు! వంద పశువులున్నా, నాలుగే ఉన్నట్టు లెక్క.

మా చిన్నప్పుడు ఊళ్ళో దేవుడి పేర వదిలిన ఆబోతుండేది. జొన్నచేలో పడి మేస్తున్నా ఎవరూ కర్రెత్తేవారు కాదు. మూపురం ఓ పక్కకి ఒరిగి, గంగడోలు ఊపుకుంటూ ఎదురొస్తే మేం బడికి చుట్టుదారిన పోయేవాళ్ళం. పక్కూరికి వేరే ఆబోతు. లెక్కలు రాకపోయినా పెద్దవాళ్ళు ఊరికో తోడు ఉంచారు. ఇప్పుడు మంచి ఆబోతు ఒకటి దొరికితే, దాని వీర్యం సన్న గొట్టాల్లో నిండి జిల్లాలు దాటిపోతోంది. ఒంగోలు దగ్గర కరవది నుంచి 1960ల్లో బ్రెజిల్ వెళ్ళిన ఆబోతు రక్తం అక్కడ ఎన్ని మందల్లో ఉందో!

ఇక జాతిలో వైవిధ్యం, అంటే పశువుకీ పశువుకీ తేడా, ఎంత మిగిలిందో తేల్చాలంటే, తోకవెంట్రుకలు కుదుళ్ళతో పీకి డిఎన్ఎ చూస్తారు. ఆ డిఎన్ఎలో ఒకచోట జన్యువు మందలో రెండు రకాలుగా సగంసగం ఉంటే, కళ్ళు మూసుకుని ఏ రెండు తీసినా వందలో 50 సార్లు తేడా పడతాయి. ఒకటి 90 పాళ్ళు, రెండోది 10 పాళ్ళయితే 18 సార్లే. ఇలా వేలచోట్ల చూసి సగటు తీస్తారు. ఏ రెండిళ్ళ పెరుగు నాకినా రుచి మారుతుందా అని చూడటం లాంటిదే.

ఈ సెలవుల్లో పశువైద్యుడి దగ్గరికెళ్ళండి. ఆయన దగ్గర ఆబోతుల వీర్యం దాచే, పొగలు కక్కే చల్లని డబ్బా ఉంటుంది, చెయ్యి పెట్టకండి. అందులోంచి తీసిన సన్న గొట్టాల మీద ఆబోతు నంబరు అచ్చువేసి ఉంటుంది. వీధిలో ఏయే దూడలకి ఏ నంబరో రాసి, లెక్కకట్టి నాకు పంపండి.

మీ తాతయ్య