నెలసరి క్రమం తప్పడం: అపోహలు - వాస్తవాలు

స్త్రీల వైద్యురాలిగా నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది కూర్చోగానే చెప్పే మాట "డేట్ సరిగా రావడం లేదు డాక్టర్ గారూ" అని. క్రితంసారి ఎప్పుడు వచ్చిందని అడిగితే మాత్రం, శ్రావణ శుక్రవారానికి ముందనో, ఆడపడుచు సీమంతం తర్వాతనో గుర్తుచేసుకుంటారు. తేదీలు తెలియకుండా క్రమం తప్పిందో లేదో నేనూ చెప్పలేను, వారూ చెప్పలేరు.

అపోహ: ప్రతి నెలా అదే తేదీకి రాకపోతే ఏదో జబ్బు ఉన్నట్లే.

ఈసారి రక్తస్రావం మొదలైన రోజు నుంచి మళ్లీ మొదలైన రోజు వరకు లెక్కించాలి. చాలామంది తలస్నానం చేసిన రోజు నుంచి లెక్కవేసి పొరబడతారు. పెద్దవారిలో ఈ వ్యవధి 24 నుంచి 38 రోజుల మధ్య ఎంతున్నా, స్రావం 8 రోజులకు మించకపోతే, ఒక నెలకూ మరో నెలకూ వారం రోజుల తేడా వచ్చినా అది సహజమే. 26 రోజుల చక్రం ఉన్నవారికి 2వ తేదీన ఒకసారి, 28వ తేదీన మరోసారి వస్తే "నెలలో రెండుసార్లు" అని ఇంట్లో కంగారు పడతారు గాని, అందులో కంగారు పడవలసినది ఏమీ లేదు.

పెద్దమనిషి అయిన తొలి ఏడాది ఆడపిల్లలకు క్రమం ఉండకపోవడం మామూలే, ఎందుకంటే మెదడుకూ అండాశయాలకూ మధ్య సమన్వయం కుదరడానికి కొంతకాలం పడుతుంది. ఆ తర్వాత రెండేళ్లపాటు ఈ వ్యవధి 21 నుంచి 45 రోజుల మధ్య ఎంతున్నా సహజమే. అయితే తొలి ఏడాది దాటాక ఏ ఒక్కసారైనా 90 రోజులు దాటినా, 15 ఏళ్లు నిండినా అసలు రజస్వల కాకపోయినా తప్పక చూపించాలి. ప్యాడ్లు తడిసిపోయి బడి మానేసే పిల్లను "మొదట్లో అంతేలే" అని ఊరుకోబెట్టకండి. హిమోగ్లోబిన్‌తో పాటు రక్తం గడ్డకట్టే గుణంలో లోపమేమైనా ఉందేమో కూడా పరీక్షించవలసి ఉంటుంది.

అపోహ: స్కానింగ్‌లో నీటి బుడగలు కనిపిస్తే పీసీఓడీ (అండాశయాల్లో హార్మోన్ల సమస్య), ఇక పిల్లలు పుట్టరు.

నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇదే. ఆ బుడగలు గడ్డలు కావు, ఎదుగుదల మధ్యలో ఆగిపోయిన చిన్న చిన్న అండకోశాలు. క్రమం తప్పిన నెలసరి, పురుష హార్మోన్లు ఎక్కువైన లక్షణాలు (గడ్డం మీద వెంట్రుకలు, తగ్గని మొటిమలు) లేదా రక్తపరీక్షలో వాటి పెరుగుదల, స్కానింగ్‌లో ఆ రూపం అనే మూడింటిలో కనీసం రెండు ఉండి, థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు తయారయ్యేలా చేసే హార్మోన్) సమస్యలు లేవని తేలాకే ఆ పేరు పెట్టాలి. రజస్వల అయిన 8 ఏళ్ల లోపు పిల్లల్లో స్కానింగ్ ఆధారంగా నిర్ధారించకూడదని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. అయినా పదహారేళ్ల పిల్లలు ఆ రిపోర్టు పట్టుకుని ఏడుస్తూ వస్తూనే ఉన్నారు. నిజంగా ఈ సమస్య ఉన్నవారిలోనూ ఎక్కువమందికి పిల్లలు పుడతారు, కొందరికి అండం విడుదలయ్యేందుకు మాత్రలు అవసరమవుతాయి. బరువు ఎక్కువగా ఉన్నవారు అందులో 5 శాతం తగ్గినా చాలాసార్లు నెలసరి దారికి వస్తుంది.

నెలల తరబడి రాకపోతే లోపల "చెడు రక్తం" పేరుకుపోతుందని భయపడతారు. అలాంటిదేమీ ఉండదు, కానీ వదిలేయదగినదీ కాదు. అండం విడుదలైతేనే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ తయారవుతుంది. అది లేనప్పుడు ఈస్ట్రోజన్ అనే మరో హార్మోన్ ఒక్కటే గర్భసంచి లోపలి పొరను మందంగా పెంచుకుంటూ పోతుంది. అందుకే ఆలస్యంగా వచ్చినప్పుడు అంత ఎక్కువగా పోతుంది, ఏళ్ల తరబడి ఇలాగే సాగితే ఆ పొరలో క్యాన్సర్ ముప్పు కూడా పెరుగుతుంది. మూడు నెలలు రాకపోతే చూపించుకోమని మేము చెప్పేది ఇందుకే.

అపోహ: బొప్పాయి, నువ్వుల ఉండలు తింటే డేట్ వస్తుంది.

నువ్వులు, బెల్లం మంచి ఆహారమే, తినండి. అవి అండాన్ని విడుదల చేయలేవు. గర్భం వచ్చే అవకాశం ఉన్నవారు డేట్ దాటగానే ముందు మూత్రపరీక్ష చేసుకోవాలి, మందుల షాపులో మాత్ర అడిగి తెచ్చుకోకూడదు. పొత్తికడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం, కొద్దికొద్దిగా రక్తం కనిపించడం ఉంటే, గర్భం ట్యూబులో నిలిచి ఉండవచ్చు కనుక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పెళ్లయితే, ఒక కాన్పు అయితే అదే సర్దుకుంటుందన్న మాటకు ఆధారం లేదు.

అపోహ: నలభై దాటాక ఎలా వచ్చినా మామూలే, బాధ ఎక్కువైతే గర్భసంచి తీయించేస్తే సరి.

ఆ వయసులో ఆలస్యం కావడం, అప్పుడప్పుడు తప్పిపోవడం సహజం. స్రావం విపరీతంగా పెరగడం, మధ్యమధ్యలో కనిపించడం, కలయిక తర్వాత రావడం సహజం కాదు. పూర్తిగా ఆగి 12 నెలలు గడిచాక ఒక్క చుక్క కనిపించినా పరీక్ష చేయించుకోవాలి. ఇక గర్భసంచి విషయానికి వస్తే, 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో దాన్ని తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం కాగా ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. కొందరికి ఆ ఆపరేషన్ తప్పనిసరి, కాదనను. కానీ అధిక రక్తస్రావాన్ని చాలామందిలో మాత్రలతో, గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్‌తో అదుపు చేయవచ్చు. ఆపరేషన్ అని ఎవరైనా చెప్పినప్పుడు, కారణం ఏమిటి, లోపలి పొర ముక్క పరీక్షించారా, వేరే మార్గం ఉందా అని అడగండి, మరో వైద్యుల అభిప్రాయం కూడా తీసుకోండి.

గంటకో ప్యాడ్ చొప్పున వరుసగా రెండు మూడు గంటలు తడిసిపోయినా, ఆయాసం, కళ్లు తిరగడం ఉన్నా ఉదయం వరకు ఆగవద్దు. తక్కిన సందర్భాల్లో వచ్చేటప్పుడు గత ఆరు నెలల తేదీలు, స్రావం ఎన్ని రోజులు ఉందో, ఎన్ని ప్యాడ్లు మార్చారో ఒక కాగితం మీద రాసుకుని, వాడుతున్న మందులన్నీ వెంట తెచ్చుకోండి. వాంతులకూ మానసిక సమస్యలకూ వాడే కొన్ని మందులు ప్రొలాక్టిన్‌ను పెంచి నెలసరిని ఆపేస్తాయి కనుక, మీ మందుల సంచిలోని చీటీలను కూడా మేము చూడాలి.