అమృతపాణి అరటి: అపోహలు, వాస్తవాలు

అమృతపాణి ఇప్పుడు ఎందుకు దొరకడం లేదని అడిగేవాళ్ళు చాలామంది జవాబు కూడా తామే చెప్పేస్తారు: రైతులకు ఆశ ఎక్కువై వదిలేశారట. ఈ పంటతో పనిచేసేవాణ్ణి కాబట్టి ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది. అసలు బాధ ఆశ కాదు, ముఖ్యంగా తెగులు.

అపోహ: నాటు రకం కదా, తెగుళ్ళను తట్టుకుంటుంది.

పాత రకమైతే గట్టిదనేమీ లేదు. మొక్కను వాడిపోయేలా చేసే పనామా వాడు తెగులుకు ఇట్టే లొంగిపోయే రకాల్లో అమృతపాణి ఒకటి. తమిళనాడులో దీన్నే రస్తాలి అంటారు, అక్కడా ఇదే బాధ. ఈ తెగులును మొదట 1876లో ఆస్ట్రేలియాలో గుర్తించారు. ఒకప్పుడు ప్రపంచ ఎగుమతుల్లో రాజ్యమేలిన గ్రో మిషెల్ అరటిని 1950ల నాటికి లాటిన్ అమెరికా తోటల్లో దెబ్బతీసింది కూడా ఈ తెగులును తెచ్చే ఫ్యుజేరియం శిలీంధ్రమే. దాని మొదటి తెగను తట్టుకున్న కావెండిష్ అనే మరో అరటి రకానికి ఆ చోటు దక్కింది. మన గోదావరి లంకల్లో కర్పూర చక్కరకేళి నిలదొక్కుకోవడానికీ ఒక కారణం అదే, వాడు తెగులును బాగా ఓర్చుకుంటుంది. రుచిలో మాత్రం అమృతపాణికి సాటి రాదు. ఇందులో నా పక్షపాతం ఉందనుకున్నా సరే.

అపోహ: ఆకులు పసుపెక్కితే యూరియా వేయాలి.

వేసేముందు చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. వాడు తెగులైతే అడుగున ఉన్న ముదురు ఆకులు అంచుల నుంచి లోపలికి పసుపెక్కుతాయి. తర్వాత కాడ మొదట్లో విరిగి బోదె చుట్టూ వేలాడతాయి. నేలకు దగ్గరగా బోదె నిలువునా చీలుతుంది కూడా. ఇంకా అనుమానం తీరకపోతే దుంపను అడ్డంగా కోయండి. తెల్లని కండలో ఎర్రటి, గోధుమరంగు చుక్కలూ చారలూ కనిపిస్తే వాడు తెగులే. దుంప మెత్తబడి కంపు కొడుతుంటే అది బాక్టీరియా వల్ల వచ్చే దుంపకుళ్ళు, దాని వైద్యం వేరు.

అపోహ: కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశిని మందు పోస్తే నేల బాగుపడుతుంది.

పిలకలను మందు ద్రావణంలో ముంచి నాటడం, మొదళ్ళలో పోయడం కొంత ఆసరా ఇస్తాయి. కానీ అరటి లేకపోయినా ఈ శిలీంధ్రం మట్టిలో దశాబ్దాలు బతుకుతుంది. నీరు నిలబెట్టి వరి వేస్తే ఉధృతి తగ్గుతుంది, పూర్తిగా పోతుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు. తెగులు సోకిన మడిలోనే మళ్ళీ అమృతపాణి వేయడమంటే పిలకల డబ్బు మట్టిలో పోసినట్టే.

అపోహ: టిష్యూ కల్చర్ మొక్కకు తెగులు రాదు.

అది శుభ్రమైన మొక్క, అంతవరకే. పిలకతో పాటు వచ్చే శిలీంధ్రమూ, నులిపురుగులూ దాంతో రావు. నాటిన నేలలో తెగులు ఉంటే దానికీ సోకుతుంది. ఇక అది జన్యుమార్పిడి మొక్క అనే భయం అనవసరం, తల్లి మొక్క చిగురు కణజాలం నుంచి పెంచినదే.

అపోహ: పండులో గట్టి గడ్డలుంటే కార్బైడ్ వేసినట్టే.

కార్బైడ్ వాడకం తప్పే, చట్టం దాన్ని నిషేధించింది కూడా. అయితే ఈ రకంలో చెట్టు మీద సహజంగా ముగ్గిన పండులోనూ ఒక్కోసారి గడ్డలు ఉంటాయి. తొక్క పలుచన, పండ్లు పగలడమూ ఎక్కువే. ముగ్గాక హస్తం నుంచి రాలిపోతాయి కూడా. దూరపు బజార్లకు ఇది పనికిరానిదవడంలో ఈ గుణాల పాత్ర తక్కువేమీ కాదు.

అపోహ: తోటలు పోయాయి, ఇక రకం పోయినట్టే.

గ్రో మిషెల్ కూడా అంతరించలేదు, చిన్న తోటల్లో ఇంకా పండుతోంది. ఎన్నడూ అరటి వేయని పెరటి నేలలో అమృతపాణి హాయిగా గెల వేయగలదు. తెగులు కనిపించిన తోట నుంచి మాత్రం పిలక తేవద్దు, పైకి ఎంత ఆరోగ్యంగా ఉన్నా లోపల శిలీంధ్రం ఉండొచ్చు. మంచి తోటలో సన్నని కత్తుల్లాంటి ఆకులున్న పిలకను ఎంచుకుని, వేర్లు కోసేసి, దుంపకు అంటిన మట్టంతా కడిగి నాటండి. అవతలి తోటలో వాడిన గునపాన్ని కడగకుండా మీ పెరట్లో దించకండి.