బుడగలు చూసి బీరు పారబోయకండి: బ్రౌన్ ఏల్ అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఒక తమ్ముడు షాపుకి ఫోన్ చేశాడు. ఆల్-గ్రెయిన్ కిట్‌తో (నేరుగా గింజలతో బీరు చేసుకునే సామాను) మొదటిసారి బ్రౌన్ ఏల్ అనే ముదురు రంగు బీరు చేశాడట. ఆరు గంటలు నిలబడి మాష్ చేసి (అంటే గింజల్ని వేడినీళ్లలో నానబెట్టి చక్కెర దింపి), మరిగించి, చల్లార్చి, ఈస్ట్ వేశాడు. రెండు రోజులైనా ఎయిర్‌లాక్‌లో, అంటే గ్యాస్ బయటికి పోవడానికి మూతకి పెట్టే నీళ్ల గొట్టంలో, ఒక్క బుడగ రాలేదు. "పాడైపోయిందన్నా, సింకులో పారబోశాను" అన్నాడు. మూత తీసినప్పుడు పైన ఏం కనిపించిందని అడిగాను. "మందంగా గోధుమరంగు నురగ" అన్నాడు. ప్రాణం ఉసూరుమంది. ఆ నురగ ఉందంటే ఈస్ట్ పనిచేస్తున్నట్టే, ఆ బీరుకి ఏమీ కాలేదు. మూత రబ్బరు రింగు సరిగ్గా కూర్చోక గ్యాస్ పక్కనుంచి పోయింది, అంతే.

డాలస్ దగ్గర హోమ్‌బ్రూ సామాన్ల షాపులో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. నేను చూసినంతలో ఈ బుడగల అపోహ వల్ల పోయినంత బీరు ఇంకే తప్పు వల్లా పోలేదు.

అపోహ: బుడగలు వస్తుంటే పులుస్తున్నట్టు, ఆగితే పని అయిపోయినట్టు.

వాస్తవం: గ్యాస్ ఆ దారిన బయటికి పోతోందని తప్ప ఎయిర్‌లాక్ ఇంకేమీ చెప్పదు. మూత వదులైతే బుడగలు రావు. పులియడం ముగిశాక కూడా గది వేడెక్కితే, బీరులో కరిగి ఉన్న గ్యాస్ బయటపడి బుడగలు వస్తాయి. ఈస్ట్ పని అందుకోవడానికి ఒక రోజు, ఒక్కోసారి మూడు రోజులు కూడా పడుతుంది. అప్పటిదాకా టెన్షన్ పడకండి.

నమ్మాల్సింది హైడ్రోమీటర్‌ని, అంటే బీరులో చక్కెర ఎంత మిగిలిందో సాంద్రతని బట్టి చెప్పే కొలత గొట్టాన్ని. మంచినీళ్లకి అది 1.000 చూపిస్తుంది. మామూలు బ్రౌన్ ఏల్ కిట్ 1.050 దగ్గర మొదలై 1.012 దగ్గర ఆగుతుంది, ఆల్కహాల్ 5 శాతం దాకా వస్తుంది. రెండు మూడు రోజుల తేడాతో రెండుసార్లు కొలవండి. రెండుసార్లూ అదే అంకె వస్తే అయిపోయినట్టు.

బుడగలు ఆగాయని 1.020 దగ్గరే సీసాల్లో పోశారనుకోండి. 1.012కి దిగాలంటే ఇంకా 8 పాయింట్ల చక్కెర మిగిలే ఉంది (ఒక పాయింటు అంటే 0.001). ఒక్కో పాయింటుకి దాదాపు అర వాల్యూమ్ గ్యాస్ పుడుతుంది (బీరు ఎంత ఉందో అంత గ్యాస్ ఒక వాల్యూమ్), అంటే నాలుగు. సీసాలో గ్యాస్ పుట్టాలని వేసే ప్రైమింగ్ షుగర్‌తో ఎలాగూ వచ్చే 2.2 కలిపితే ఆరు దాటుతుంది. మామూలు బీరు సీసాలో మూడు దాటితేనే భయం.

నా రెండో బ్యాచ్‌కి ఇదే జరిగింది. రాత్రి రెండింటికి క్లోజెట్‌లోంచి పెద్ద శబ్దం. మా ఆవిడ తుపాకీ అనుకుని పాపని ఎత్తుకుని బాత్రూంలోకి పరిగెత్తింది. తెల్లారి చూస్తే పాప బొమ్మల బుట్టకి జానెడు పైన గోడలో గాజు ముక్క దిగి ఉంది. ఆ ముక్కని షాపు కౌంటర్ మీద డబ్బాలో ఉంచాను. తొందరపడేవాళ్లకి తీసి చూపిస్తాను.

ఇప్పటికే తొందరపడి సీసాల్లో పోసేసినవాళ్లు వాటన్నిటినీ ఫ్రిజ్‌లో పెట్టండి. చేతులకి మందం గ్లవ్స్, కళ్లకి అద్దాలు లేకుండా ముట్టుకోవద్దు.

మిగతావి గబగబా చెప్తాను. రంగు ముదురైతే మత్తు ఎక్కువ అన్నది తప్పు. గిన్నిస్ డ్రాఫ్ట్ అంత నల్లగా ఉన్నా 4.2 శాతమే. బ్రౌన్ ఏల్‌కి ఆ రంగు బాగా వేయించిన మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) నుంచి వస్తుంది. చాక్లెట్ మాల్ట్‌లో చాక్లెట్ ఉండదు. మాష్ 152 ఫారన్‌హీట్ బదులు 150కి దిగినా కొంప మునగదు, బీరు కాస్త పల్చగా అనిపిస్తుందేమో. మధ్యలో బీరుని సెకండరీకి, అంటే రెండో పాత్రకి, మార్చనక్కర్లేదు, మారిస్తే గాలి తగలడం ఖాయం. సామాన్లు శుభ్రం చేసే స్టార్ శాన్ శానిటైజర్ నురగ మిగిలితే కడగొద్దు.

ఒక భయాన్ని మాత్రం తీసిపారేయలేను. మా అత్తయ్యగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు బకెట్ చూసి "కళ్లు పోతాయేమో బాబూ" అని రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. వాళ్ల ఊళ్లో కల్తీ సారా తాగి పోయినవాళ్లని ఆవిడ చూశారు. పక్కన కూర్చుని చెప్పాను. కల్తీ సారాలో జనాన్ని చంపేది బయటినుంచి కలిపే మిథనాల్. మనం బార్లీని పులియబెడుతున్నాం తప్ప బట్టీ పెట్టట్లేదు. ఇలా పులిసిన బీరులో మిథనాల్ హాని చేసేంత ఉండదు. ఇంట్లో సారా కాస్తే ఇక్కడ ఫెడరల్ నేరం. బీరుకి మాత్రం 1978లో చేసిన చట్టం అనుమతిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఇద్దరుంటే ఏడాదికి 200 గ్యాలన్లు, ఒక్కరే అయితే 100. అమ్మకూడదు. ఇది చదివి ఆంధ్రలోనో తెలంగాణలోనో మొదలుపెట్టకండి, అక్కడ లైసెన్సు లేకుండా చేయడం నేరం.

ఆ తమ్ముడు మళ్లీ కిట్ కొన్నాడు, ఈసారి హైడ్రోమీటర్‌తో సహా. మంగళవారం 1.014, శుక్రవారం 1.012 అని మెసేజ్ పెట్టాడు. "సీసాల్లో పోసేయనా అన్నా?" అని అడిగాడు. సోమవారం ఇంకోసారి కొలవమన్నాను.