యువజన వెబ్‌సైటుకు రాసే వాలంటీర్లు: అపోహలు, వాస్తవాలు

జూన్‌లో కాలేజీలు తెరిచిన కొద్ది వారాలకే చెన్నైలోని మా కార్యాలయానికి విద్యార్థుల రాక మొదలవుతుంది. నెల్లూరు, చిత్తూరు, ఒంగోలు వైపు నుంచి ఇంజనీరింగు చదవడానికి వచ్చినవారు కొందరైతే, ఇక్కడే షావుకారుపేటలోనో వడపళనిలోనో పుట్టి, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుతూ పెరిగినవారు మరికొందరు. విపత్తు సహాయం, రక్తదానం, ప్రథమ చికిత్స వంటి పనులు చేసే ఒక మానవతా సంస్థకు యువజన వెబ్‌సైటు ఉంది. అందులోని తెలుగు పేజీల కోసం వాలంటీర్లు రాసే వ్యాసాలను, తీసే ఫొటోలను, చేసే అనువాదాలను పరిశీలించి ప్రచురణకు పంపడం పన్నెండేళ్లుగా నా పని. ఇన్నేళ్లలో వచ్చిన ప్రతి బృందమూ కొన్ని అభిప్రాయాలను ముందే ఏర్పరచుకుని వచ్చింది. వాటిలో కొన్ని ఎవరికీ హాని చేయనివి. కొన్ని మాత్రం చదివేవారికో, ఎవరి గురించి రాస్తున్నామో వారికో కీడు చేసేవి. ఈ రెండో రకం గురించే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను.

అపోహ: శిబిరంలో బియ్యం మూటలు మోయడం కన్నా వెబ్‌సైటుకు రాయడం తేలిక, ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది.

వాస్తవం: రాయడం నిజంగానే ఒక సాయంత్రపు పని. రాసినది నిజమో కాదో తేల్చుకోవడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది, ఆ రోజులను ఎవరూ లెక్కలో వేసుకోరు. ఒకసారి రెండో సంవత్సరం చదువుతున్న విద్యార్థిని ఒకామె రక్తదానంపై చక్కటి వ్యాసం రాసి తెచ్చింది. 18 ఏళ్లు నిండిన ఆరోగ్యవంతులెవరైనా మూడు నెలలకు ఒకసారి రక్తం ఇవ్వవచ్చన్న వాక్యం అందులో ఉంది. ఎక్కడ చూశావమ్మా అని అడిగితే మూడు వెబ్‌సైట్లు చూపింది. మూడింటిలోనూ అదే వాక్యం, అదే అచ్చుతప్పుతో సహా ఉంది. ఒకరిని చూసి మరొకరు ఎత్తి రాసుకున్నారన్నమాట. మన దేశంలోని మార్గదర్శకాల ప్రకారం రెండు దానాల మధ్య పురుషులకు 90 రోజులు, స్త్రీలకు 120 రోజులు వ్యవధి ఉండాలి. దాత బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ డెసిలీటరుకు కనీసం 12.5 గ్రాములు ఉండాలి. వయసు 18కి తగ్గకూడదు, 65 దాటకూడదు. ‘మూడు నెలలు’ అన్న రెండు మాటలు చూడడానికి చిన్నవే. కాని వాటిని నమ్మి తాంబరంలో లోకల్ రైలెక్కి ఎగ్మోరు దాకా వచ్చిన అమ్మాయిని, ఇంకా గడువు తీరలేదని వెనక్కి పంపితే, ఆమె మళ్లీ రక్తదాన శిబిరం గడప తొక్కకపోవచ్చు. ఆ వ్యాసాన్ని రక్తనిధిలో పనిచేసే వైద్యుడొకరు చదివి, దిద్ది, సంతకం చేసిన తరువాతనే ప్రచురించాం. ఆరోగ్యం మీద రాసే ప్రతి వ్యాసానికీ అప్పటినుంచి అదే పద్ధతి.

అపోహ: ఆపద వచ్చినప్పుడు వేగమే ముఖ్యం, అందిన సమాచారాన్ని అందినట్టే పెట్టేయాలి.

వాస్తవం: 2015 డిసెంబరులో అడయారు నది పొంగి నగరంలో పెద్ద భాగం నీళ్లలో ఉన్నప్పుడు ఫోన్లలో తిరిగిన సందేశాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. మహాబలిపురం దారిలోని మొసళ్ల పార్కు నుంచి మొసళ్లు బయటపడ్డాయని ఒకటి, కనీవినీ ఎరుగని వాన ముందుందని నాసా చెప్పినట్టు మరొకటి. రెండూ అబద్ధాలే, మొసళ్లన్నీ లోపలే ఉన్నాయని ఆ కేంద్రం వారు ప్రకటన ఇచ్చుకోవలసి వచ్చింది. ఆ రెండూ మా పేజీలోకి రాలేదు గాని, మేమూ తప్పు చేయకపోలేదు: ఒక సహాయ కేంద్రం ఫోన్ నంబరులో ఒక్క అంకె తారుమారై, దానితో ఏ సంబంధమూ లేని ఒక గృహస్థుకు రెండు రోజులపాటు వేళాపాళా లేకుండా ఫోన్లు వచ్చాయి. చివరిసారి చూసి సరేనన్నది నేనే కాబట్టి తప్పు నాదే. విపత్తు విషయంలో జనాన్ని భయపెట్టే తప్పుడు హెచ్చరికను పుట్టించినా, ప్రచారం చేసినా 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షను కింద ఏడాది దాకా జైలుశిక్ష గాని, జరిమానా గాని పడవచ్చని మా దగ్గరకు వచ్చేవారిలో చాలామందికి తెలియదు.

ఇప్పుడు మా దగ్గర ఏ నంబరునైనా ఒకరు ఫోన్ చేసి, అవతలి మనిషితో మాట్లాడాకే ప్రచురిస్తారు. హెచ్చరికల్లో ‘రేపు’, ‘ఈ రాత్రి’ అనే మాటలు వాడకూడదన్నది ఇంకో నియమం. ఇది 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను నేర్పిన పాఠం. అది 3, 4 తేదీల్లో చెన్నైని ముంచెత్తి, 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. రేపు తీరం దాటుతుందని 4వ తేదీన మేము రాసిన వాక్యం, కరెంటు లేక, సిగ్నలు లేక, చాలామంది ఫోన్లకు మరునాడు గాని చేరలేదు. అలా చదివినవారికి అది 6వ తేదీ అని అర్థమైంది. పైగా ఇక్కడి హాస్టళ్లలో ఉన్న బాపట్ల, చీరాల పిల్లలు ఆ వాక్యాన్నే ఇంటికి పంపుతున్నారు. అందుకే తేదీ, గంట, ఎవరు చెప్పారు అన్న మూడూ లేనిదే ఏ హెచ్చరికా పేజీ మీదికి పోదు. చంటిబిడ్డకు పాలు కావాలి, వృద్ధురాలిని మేడ మీద నుంచి దింపాలి వంటి విన్నపాలను పని జరిగిన వెంటనే తీసేయడం కూడా ఒక వాలంటీరు బాధ్యతే. అది ఎవరికీ పేరు తెచ్చే పని కాదు గనుక దానికి మనుషులు దొరకడం కష్టం.

అపోహ: కన్నీళ్లు పెట్టించే ఫొటో ఉంటేనే జనం కదులుతారు.

వాస్తవం: రెడ్‌క్రాస్, రెడ్‌క్రెసెంట్ ఉద్యమమూ ఇతర స్వచ్ఛంద సంస్థలూ విపత్తు సహాయం కోసం 1994లో ఏర్పరచుకున్న ప్రవర్తనా నియమావళిలో పది సూత్రాలున్నాయి. పదోది సరిగ్గా దీని గురించే: ప్రచారంలో బాధితులను గౌరవం గల మనుషులుగా చూపాలి తప్ప, ఏ ఆశా లేని వస్తువులుగా చూపకూడదు. ఈ సూత్రాన్ని నేను ఎన్నిసార్లు చదివి వినిపించినా అంతగా పట్టని సంగతి, ఒక వాలంటీరుకు చెన్నై శివారు పెరుంబాక్కంలో ఒక్క పూటలో బోధపడింది. చెన్నైలో పారిశుద్ధ్య పనిచేసే కుటుంబాల్లో తెలుగు మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. వరద తీసిన మరునాడు వీధిలో బురద ఎత్తుతున్న ఒకామెను ఫొటో తీసి, ఆమె అనుమతీ తీసుకుని, కింద ఏం రాస్తున్నదీ మా వాలంటీరు అమ్మాయి చదివి వినిపించింది. ‘పేద మహిళ’ అన్న మాట దగ్గర ఆ పారిశుద్ధ్య కార్మికురాలు ఆపింది. “పేద అని ఎందుకు రాస్తావు పాపా, ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను, అది రాయి” అన్నది. అదే రాశాం.

అనుమతి అంటే తల ఊపించుకోవడం కాదని కొత్తవారికి చెబుతుంటాను. తీసిన ఫొటోను ఫోనులో చూపించాలి, ఎక్కడ కనిపిస్తుందో చెప్పాలి, కింద రాసినది వారి భాషలో వినిపించాలి, తరువాత వద్దనుకుంటే ఎవరికి ఫోన్ చేయాలో చెప్పాలి. బియ్యం, దుప్పట్లు పంచుతున్న వరుసలో నిలబడిన మనిషిని అనుమతి అడగడాన్ని నేను ఒప్పుకోను; వద్దంటే సాయం అందదేమోనన్న భయం ఉన్నచోట ‘సరే’ అన్న మాటకు విలువ లేదు. పిల్లల విషయంలో చట్టమే ఉంది. సంరక్షణ అవసరమైన పిల్లల, చట్టంతో సంఘర్షణలో ఉన్న (అంటే నేరారోపణ ఎదుర్కొంటున్న) పిల్లల పేరు, చిరునామా, బడి, ఫొటో వంటి గుర్తులను బయటపెట్టడాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షను నిషేధిస్తుంది. ఉల్లంఘిస్తే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ ఉండవచ్చు. ముఖాన్ని మసకబరిచి, చొక్కా మీద బడి బ్యాడ్జీని మాత్రం స్పష్టంగా ఉంచిన ఫొటోలు నా దగ్గరకు ఏడాదికి నాలుగైదు వస్తూనే ఉంటాయి. ఫొటో ఫైలులోనే అది తీసిన చోటు నమోదై ఉండవచ్చని గుర్తుపెట్టుకుని, దాన్ని తీసేశాకే పైకి ఎక్కించాలి.

అపోహ: ఇంట్లో తెలుగే మాట్లాడతాం కాబట్టి, తమిళంలో ఉన్నదాన్ని తెలుగులోకి తేవడం కష్టం కాదు.

వాస్తవం: రెండు భాషలకూ ఉమ్మడిగా ఉన్న సంస్కృత పదాలే మమ్మల్ని ఎక్కువగా మోసం చేశాయి. తమిళంలో ‘నివారణం’ అంటే సహాయం, ఉపశమనం. తెలుగులో ‘నివారణ’ అంటే రాకుండా ఆపడం. తమిళ ప్రకటనలోని ‘వెళ్ల నివారణ ముగాం’ మా పేజీలో ఒకసారి ‘వరద నివారణ శిబిరం’ అయింది. తల దాచుకోవడానికి చోటు వెతుక్కుంటున్న మనిషి దాన్ని చదివి, అదేదో కట్టలు పటిష్ఠం చేసే కార్యక్రమమనుకుంటే తప్పు అతనిది కాదు. ‘అవసరం’ కూడా ఇలాంటిదే: తమిళంలో అది తొందర, అత్యవసరం, తెలుగులో కావలసి ఉండడం. ‘అవసర చికిత్స విభాగం’ అని చదివిన తెలుగువాడికి అది ప్రాణం మీదికి వచ్చినప్పుడు పరుగెత్తవలసిన చోటని తట్టదు. ఇద్దరు చదివే నియమం అందుకే పెట్టుకున్నాం: తమిళం బాగా తెలిసినవారు ఒకరు, తమిళం అస్సలు రాక ఆ వారమే ఆంధ్ర నుంచి దిగినవారు ఒకరు. ఈ రెండోవారే ఎక్కువ తప్పులు పడతారు.

తమిళనాడులో 2006 నాటి చట్టం ప్రకారం పదో తరగతి వరకు తమిళం దశలవారీగా తప్పనిసరి అయింది. ఇక్కడ పుట్టి పెరిగిన తెలుగు పిల్లల్లో తెలుగు మాట్లాడడం వచ్చి చదవడం రానివారు చాలామంది. వారి కోసం ముఖ్యమైన పేజీలను వాలంటీర్ల గొంతుతో చదివించి, ఆ ధ్వనిని కూడా పెడుతున్నాం. రాయడం రాని కుర్రవాళ్లు కొందరు ఈ పనిలో అందరికన్నా బాగా రాణించారు. ఇక ‘అను’ అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో టైపు చేసి పంపేవారికి ఒక మనవి: అవి లేని ఫోనులో మీ వ్యాసం పిచ్చిగీతలుగా కనిపిస్తుంది, యూనికోడ్‌లోనే పంపండి. సమాచారమంతా పోస్టరు బొమ్మలో ఇరికిస్తే చూపు లేనివారి ఫోను దాన్ని చదివి వినిపించలేదు, కనుక అదే విషయాన్ని అక్షరాల్లోనూ ఇవ్వాలి.

అపోహ: గూగుల్‌లో దొరికిన బొమ్మ అందరిదీ.

వాస్తవం: కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టం వెతికితే దొరికే బొమ్మలకూ వర్తిస్తుంది. ప్రథమ చికిత్స వ్యాసమనగానే తెల్లని మీద ఎర్రని శిలువ గుర్తు వేసి పంపుతారు. అది అలంకారం కాదు, రక్షిత చిహ్నం, అనుమతి లేకుండా వాడడాన్ని 1960 నాటి జెనీవా ఒడంబడికల చట్టం నిషేధిస్తుంది. ప్రథమ చికిత్సకు ఆకుపచ్చ మీద తెల్లని శిలువ గుర్తు ఉంది, దాన్ని వాడవచ్చు. మీరు స్వచ్ఛందంగా రాసిన వ్యాసంపై హక్కు కూడా, మీరు రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప, మీదే.

అపోహ: వాలంటీరంటే నెలకు ఎంతో కొంత ఇస్తారు.

వాస్తవం: ఇది పిల్లల అపోహ కాదు, తల్లిదండ్రులది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన గ్రామ, వార్డు వాలంటీర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఉండేది కాబట్టి, మా అబ్బాయికి ఎంత వస్తుందండీ అని నెల్లూరు నుంచి ఫోన్ చేసిన తండ్రిని తప్పుపట్టలేను. మా దగ్గర ప్రయాణ ఖర్చులు తప్ప మరేమీ రావు. కాలేజీల్లోని జాతీయ సేవా పథకం (ఎన్.ఎస్.ఎస్.)లో రెండేళ్లకు పూర్తిచేయవలసిన 240 గంటల్లో ఈ పని చేరుతుందా అంటే, అది మీ కాలేజీ ప్రోగ్రాం ఆఫీసరును ముందే అడిగి తెలుసుకోవలసిన విషయం.

అపోహ: విరాళాలకు నా ఫోన్ నంబరే ఇస్తాను, వచ్చింది తెచ్చి సంస్థకు కడతాను.

వాస్తవం: ఉద్దేశం మంచిదే, పద్ధతి మంచిది కాదు. సొంత యూపీఐ నంబరుకు వచ్చిన డబ్బుకు రసీదు ఉండదు, అనుమానం వస్తే చూపడానికి లెక్కా ఉండదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న బాబాయి పంపేది, రూపాయల్లోనే ఇచ్చినా, 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద విదేశీ విరాళమే; ఆ చట్టం కింద నమోదైన సంస్థలు కూడా దాన్ని, 2020 సవరణ తరువాత, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే తీసుకోవాలి. భారత పౌరుడిగానే ఉండి అక్కడ ఉద్యోగం చేస్తున్న అన్నయ్య తన సంపాదనలోంచి ఇచ్చేది ఈ కోవలోకి రాదు. ఈ తేడా చెప్పగలిగినవారు కూడా నంబరు మాత్రం సంస్థదే ఇవ్వాలి.

అపోహ: బాధలో ఉండి సందేశం పంపిన తోటి విద్యార్థికి మనమే ధైర్యం చెప్పవచ్చు.

వాస్తవం: పరీక్షల కాలంలో ఇలాంటి సందేశాలు రాత్రిపూట వస్తాయి. పంతొమ్మిదేళ్ల వాలంటీరు ఒకడు హాస్టలు గదిలో తెల్లవారుజాము మూడింటి దాకా మేలుకుని, ముక్కూ మొహం తెలియని ఒక అబ్బాయికి ఒంటరిగా జవాబులు రాశాడు. ఆ అబ్బాయి క్షేమంగానే ఉన్నాడు గాని, మా వాలంటీరు వారం రోజులు నిద్రపోలేదు. ఆ తరువాత రాత్రి 9 దాటితే వాలంటీర్లెవరూ సందేశాలు తెరవకూడదని కట్టడి చేశాం. ఆ వేళల్లో రాసినవారికి మానసిక ఆరోగ్య సహాయానికి టెలిమానస్ 14416, పిల్లల సహాయానికి 1098, ప్రాణాపాయానికి 112 నంబర్లు తెలుగులోనూ తమిళంలోనూ ఉన్న జవాబు దానంతట అదే వెళుతుంది. మొదటి రెండింటిలోనూ రాత్రీ పగలూ శిక్షణ పొందినవారు మాట్లాడతారు. మరునాడు ఉదయం ఆ సందేశాలను మా సంస్థలోని కౌన్సెలరు ముందుగా చదివి, వాలంటీర్లు జవాబు రాయదగినవి ఏవో విడదీసి ఇస్తారు.